గోడంత బొమ్మ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. గోడ మొత్తం పరుచుకునే ఒకే బొమ్మ, అంటే మ్యూరల్ వాల్‌పేపర్. ఏది ఎంచుకోవాలి, మనమే అంటించుకోవచ్చా, అంటించాక తేడా వస్తే ఏం చేయాలి అని అడిగారు. 19 ఏళ్లుగా గోడలకు కాగితం అంటించడమే నా పని. ఆ పనిలో చేతికి తెలిసిన సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన తీసిన చెరువు గట్టు ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. 6 అంగుళాలు, 4 అంగుళాల ప్రింటు. కుడి అంచున ఆయన సైకిలు స్టాండు వేసి ఉంటుంది. ఆ ఫొటోను మా హాల్లో 12 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉన్న గోడకు మ్యూరల్‌గా చేయించాలని నా కోరిక. ప్రింటు వేసేవాళ్లు 'ఏ ఫొటో అయినా వేసేస్తాం' అంటున్నారు. బాగా వస్తుందా?

జవాబు: మీ ఉత్తరం రెండు సార్లు చదివానమ్మా. ఇలాంటి పనిలో తేడా వస్తే బాధ మామూలు బొమ్మ పాడైనదానికంటే ఎక్కువ ఉంటుంది. అందుకే ముందు లెక్క చూద్దాం.

మీ ప్రింటును స్కానర్‌లో 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కల దగ్గర పెట్టి తీస్తే వెడల్పున 3,600 చుక్కలు వస్తాయి. మీ గోడ వెడల్పు 144 అంగుళాలు. అంటే అంగుళానికి 25 చుక్కలే. నాలుగడుగుల దూరం నుంచి చూసినా బొమ్మ తేటగా ఉండాలంటే అంగుళానికి 90, 100 చుక్కలైనా ఉండాలి. ఇంకా దూరం నుంచి చూసేదైతే 60, 70తో సర్దుకోవచ్చు. 25 అయితే గట్టు మీది చెట్లు ముద్దలు ముద్దలుగా కనిపిస్తాయి. స్కానర్‌లో అంకె పెంచితే సరిపోతుందని కొందరు చెబుతారు. కానీ కాగితం మీద లేని వివరం స్కానర్ తెచ్చిపెట్టలేదు, గరుకుదనం మాత్రం పెద్దదవుతుంది. కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్లు ఫొటోను పెంచి తేటగా చూపిస్తాయి, నిజమే. అయితే అవి లేని ఆకుల్ని, లేని అలల్ని సొంతంగా ఊహించి నింపుతాయి. కొనుక్కున్న అడవి బొమ్మకైతే నాకేం అభ్యంతరం లేదు. మీ నాన్నగారు చూసిన చెరువుకు మాత్రం నేనైతే ఆ పని చేయించను.

ఇంకో సంగతి. మీ ఫొటో వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. మీ గోడ ఒకటీ పావు రెట్ల కంటే కాస్త ఎక్కువ, అంతే. ఎత్తు 9 అడుగులకు సరిపెడితే వెడల్పు పదమూడున్నర అడుగులు అవుతుంది. ఆ ఒకటిన్నర అడుగు ఎక్కడో ఒకచోట కోయాల్సిందే. చెప్పకపోతే ప్రింటు వేసేవాళ్లు రెండు పక్కలా సమానంగా కోస్తారు. కుడి అంచున ఉన్నది సైకిలు. అందులో చక్రం పోయిందని గోడ మీద చూసుకునే రోజు రాకూడదు.

కాబట్టి ముందు ఆ ఫొటో నెగెటివ్ ఉందేమో ఇల్లంతా వెతకండి. పాత ఆల్బమ్‌ల వెనక, ప్రింట్లు ఇచ్చిన కవర్లలో చాలాసార్లు దొరుకుతుంది. 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌ను మంచి స్కానర్‌లో 4,000 డీపీఐ దగ్గర తీస్తే వెడల్పున 5,600 చుక్కలకు పైగా వస్తాయి. అయినా 12 అడుగులకు చాలవు. 5 అడుగుల వెడల్పుకు మాత్రం హాయిగా సరిపోతాయి. నా సలహా ఇదీ: ఫొటోలోని ఆకాశం రంగును గోడంతా వేయించండి. గోడ మధ్యలో 5 అడుగుల వెడల్పున, 3 అడుగుల 4 అంగుళాల ఎత్తున ఫొటోను అటూ ఇటూ కోయకుండా పూర్తిగా అంటించి, చుట్టూ సన్నటి చెక్క బీడింగ్ కొట్టించండి. సైకిలు ఉంటుంది, చెట్లు చెట్లలా ఉంటాయి.

గోడంతా కావాలనే మనసైతే ఇంకో దారి ఉంది. చేయి తిరిగిన చిత్రకారుడి చేత ఆ ఫొటో చూసి గీతల బొమ్మ వేయించండి. గీతల్ని కంప్యూటర్‌లో వెక్టర్ ఫైలుగా మారిస్తే ఎంత పెద్దది చేసినా చెదరవు. ఏ దారి పట్టినా మొత్తం ప్రింటు వేయించే ముందు ఒక పని తప్పకుండా చేయండి. అసలు సైజులో ఒక అడుగు ముక్క మాత్రం ప్రింటు తీయించి, గోడకు టేపుతో అంటించి, మీరు రోజూ కూర్చునే కుర్చీలోంచి చూడండి. సైకిలు ఉన్న అడుగే తీయించండి.

ప్రశ్న: అక్కా, మా హాలు చిన్నది. గోడ పదడుగులు, దానికి ఆనుకుని సోఫా. మా ఆయనకు దట్టమైన అడవి బొమ్మ కావాలట. నాకేమో గది చీకటైపోతుందని టెన్షన్. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అడవి వల్ల గది చిన్నబోదు, దారి లేని అడవి వల్ల చిన్నబోతుంది. ముందు వరసలోనే మానులు, ఆకులు గోడలా నిలబడితే చూపు అక్కడే ఆగిపోతుంది. అదే అడవిలో దూరంగా మంచు, వెలుతురు, లోపలికి పోయే కాలిబాట ఉంటే గోడ వెనక్కి జరిగినట్టు అనిపిస్తుంది. మీ ఆయనను అడవే ఎంచుకోమనండి, దాని వెనక వెలుతురు ఉండాలని మాత్రం మీరు పట్టుబట్టండి.

సోఫా సంగతి చాలామంది మరచిపోతారు. కేటలాగ్‌లో చూపించే గది ఖాళీగా ఉంటుంది, లేదంటే ఒకే ఒక్క పొట్టి బల్ల ఉంటుంది. మీ ఇంట్లో గోడ కింది మూడడుగులు సోఫా వెనక్కి పోతుంది. బొమ్మలోని అందమంతా, అంటే జింకలు, వాగు, పువ్వులు అక్కడే ఉంటే డబ్బు సోఫా వెనక దాచుకున్నట్టే. గోడను ఫొటో తీసి, దాని మీద బొమ్మను ఫోన్‌లోనే పెట్టి, సోఫా దాచే భాగాన్ని వేలితో మూసి చూడండి. మిగిలింది చాలు అనిపించాలి. బొమ్మలో నేల, ఆకాశం కలిసే గీత కూర్చున్నవాళ్ల కంటి ఎత్తుకీ నిలబడ్డవాళ్ల కంటి ఎత్తుకీ మధ్య, అంటే నేల నుంచి నాలుగు, ఐదు అడుగుల మధ్య పడితే చూడ్డానికి హాయిగా ఉంటుంది. మరీ పైకి పోతే గుంటలో కూర్చున్నట్టు ఉంటుంది.

ఈ ఇబ్బంది మనకు కొత్తగా వచ్చిందేం కాదు. ఫ్రాన్స్‌లోని జుబేర్ కంపెనీ 1834లో చెక్క అచ్చులతో వేసిన అమెరికా దృశ్యాల కాగితం ఒకటి ఉంది. 1961లో ఒక పాత ఇంటి గోడల నుంచి దాన్ని ఊడదీసి తెచ్చి వైట్‌హౌస్‌లోని కోడిగుడ్డు ఆకారపు గది ఒకదానిలో అంటించారు. ఆ కాలపు గోడ బొమ్మల్ని గమనిస్తే మనుషులు, పడవలు, ఇళ్లు అన్నీ కుర్చీల వీపుల కంటే పైనే మొదలవుతాయి. దాని కింద వట్టి చెక్క పలక. పైన ఆకాశం మాత్రం కావలసినంత వదిలేవారు, కప్పు ఎత్తు తక్కువైన ఇంట్లో ఆకాశం కోస్తే సరిపోయేలా. మీరు ఆర్డరు ఇచ్చేటప్పుడు మీ బొమ్మను కూడా అలాగే పైకి జరపమని అడగండి. చాలామంది చేసిస్తారు.

మెరుపు కాగితం వద్దు, మ్యాట్ తీసుకోండి. ఎదురుగా కిటికీ ఉంటే మెరుపు మీద వెలుగు పడి సగం బొమ్మ కనిపించదు. నమూనా ముక్క తెప్పించుకుని పగలు ఒకసారి, రాత్రి లైట్లు వేసి ఒకసారి చూడండి. పగలు పచ్చగా ఉన్న ఆకు పసుపు లైటు కింద గోధుమ రంగులోకి తిరగడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

ప్రశ్న: పడకగది గోడకు వెనక బాత్రూమ్ ఉంది. కింది భాగంలో పెయింట్ పొక్కులు లేచి తెల్లగా ఉప్పు పడుతోంది. వాల్‌పేపర్ వేస్తే కనబడదు కదా?

జవాబు: దయచేసి వేయకండి. కొన్నాళ్లు కనబడదు, ఆ తర్వాత వాసన వస్తుంది. వినైల్, అంటే ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం గాలి ఆడనివ్వదు, కాబట్టి చెమ్మ దాని వెనకే నిలిచి నల్లగా బూజు పడుతుంది. మీరు రోజూ ఎనిమిది గంటలు ఊపిరి పీల్చే గది అది. ముందు బాత్రూమ్ పైపు, టైల్స్ అతుకులు చూపించి నీరు ఎక్కడి నుంచి వస్తోందో ఆపించండి. గోడ గీకి, ఆరనిచ్చి, మళ్లీ ప్లాస్టరింగ్ చేయించండి.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒకటిన్నర అడుగు పాలిథీన్ షీటు తీసుకుని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా గోడకు అంటించండి. ఒక రోజంతా వదిలేయండి. షీటుకు గోడవైపు నీటి బొట్లు పట్టాయంటే చెమ్మ ఇంకా లోపల ఉన్నట్టే. పట్టకపోయినా పది, పదిహేను రోజులాగి మరోసారి చేసి చూడండి. అప్పుడు బొమ్మ మాట.

ప్రశ్న: 11 అడుగుల 10 అంగుళాల గోడకు నాన్ వోవెన్ మ్యూరల్, అంటే పీచుతో చేసిన గుడ్డలాంటి కాగితం కొన్నాం. 2 అడుగుల వెడల్పున్న ఆరు ప్యానెళ్లు, జిగురు పొడి వచ్చాయి. నేను, మా తమ్ముడు కలిసి అంటించగలమా? భయంగా ఉంది.

జవాబు: అంటించగలరు. ఇద్దరు ఉండటం మంచిది, ఒక పూట పని. భయం పోవాలంటే ముందు రోజు పని ముందు రోజే చేసుకోవాలి.

ముందు రోజు గోడను అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే అది లప్పం పొడి, జిగురును పట్టనివ్వదు. మాస్కింగ్ టేపు అంటించి ఒక్కసారిగా లాగి చూడండి, దానితో పాటు పెచ్చులు వస్తే గోడ సిద్ధంగా లేదని అర్థం. శాండ్ పేపర్ పట్టి, దుమ్ము తుడిచి, ప్రైమర్ ఒక పూత వేసి ఆరనివ్వండి. ప్రైమర్ వేసిన గోడ జిగురును ఒకేసారి పీల్చేయదు, రేపు కాగితం తీయాలన్నా లప్పం ఊడిరాదు. గోడ మీద ముదురు మరకలుంటే అవి కూడా కప్పబడాలి, లేత కాగితం వెనక నుంచి అవి కనిపిస్తాయి.

అదే రోజు ప్యానెళ్లన్నీ నేల మీద వరసగా పరిచి, నంబర్లు చూసి, బొమ్మ కలుస్తోందా, ఏ ప్యానెల్ రంగైనా తేడాగా ఉందా చూసుకోండి. తేడా ఉంటే అంటించకముందే అడగాలి. ఒక్క ప్యానెల్‌కు జిగురు తగిలినా ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఇక అంటించే రోజు. మెయిన్ ఆపేయండి. స్విచ్‌బోర్డు పలక మరలు వదులు చేయండి. తర్వాత తూకం గుండు కానీ లేజర్ లెవల్ కానీ పట్టుకుని, మూల నుంచి 23 అంగుళాల దగ్గర పైనుంచి కిందికి పెన్సిల్ గీత గీయండి. ఈ గీతే ఆ రోజంతా మీకు ఆధారం. మూలను నమ్మవద్దు, తలుపు చట్రాన్ని నమ్మవద్దు. కంటికి నిటారుగా కనిపించే మూల పైకి వెళ్లేసరికి అర అంగుళం పక్కకు ఒరిగి ఉంటుంది. మొదటి ప్యానెల్ ఆ మూలను పట్టుకుని వెళితే ఆరో ప్యానెల్ దగ్గర బొమ్మ ఒక పక్కకు వంగిపోతుంది. గీతను పట్టుకుని వెళితే మూలవైపు మిగిలిన అంగుళాన్ని కోసేస్తే చాలు.

నాన్ వోవెన్‌కు జిగురు గోడకే రాయాలి. ఒక ప్యానెల్‌కు సరిపడా, ఇంకో రెండు అంగుళాలు ఎక్కువగా రాయండి. మొత్తం గోడకు ఒకేసారి రాస్తే మూడో ప్యానెల్‌కు వచ్చేసరికి ఆరిపోతుంది. అంచులకు బ్రష్‌తో ఇంకోసారి రాయండి, రేపు లేచేవి అంచులే. తమ్ముడు కింది భాగం పట్టుకుంటాడు, మీరు నిచ్చెన మీద పై అంచును కప్పుకు రెండు అంగుళాలు ఎక్కువ వదిలి గీతకు ఆనించండి. మధ్య నుంచి పక్కలకు, పై నుంచి కిందికి స్మూతర్‌తో, అంటే కాగితాన్ని నునుపు చేసే బద్దతో నెమ్మదిగా తోయండి. రెండో ప్యానెల్ మొదటిదాని పక్కన అంచుకు అంచు తాకేలా జరపండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించమని మీ ప్యానెళ్లతో వచ్చిన కాగితంలో ఉంటే అలాగే చేయండి, లేకపోతే ఎక్కించవద్దు. లాగి సాగదీయవద్దు. బొమ్మను ముందు మీ కంటి ఎత్తులో కలపండి. ఎక్కడైనా వెంట్రుకవాసి తేడా మిగిలితే అది కప్పు దగ్గరికో సోఫా వెనక్కో పోవాలి, కంటి ముందు ఉండకూడదు. నాకు పని నేర్పిన మేస్త్రి మొదటి రోజు చెప్పిన మాట ఇది, ఇప్పటికీ ప్రతి అతుకు దగ్గరా గుర్తుకొస్తుంది.

కప్పు దగ్గర, కింద స్కర్టింగ్ దగ్గర కోసేటప్పుడు వెడల్పాటి లప్పం బద్ద ఆనించి దాని వెంట కట్టర్ లాగండి. ఒక్కో ప్యానెల్‌కు బ్లేడు కొన విరిచి కొత్త పదును తీసుకోండి. మొద్దు బ్లేడు తడి కాగితాన్ని కోయదు, చింపుతుంది. ముందు వైపు జిగురు అంటితే వెంటనే తడి స్పాంజితో తుడవండి, నీళ్లు తరచూ మార్చండి. ఆరిన జిగురు మచ్చ పక్కనుంచి వెలుగు పడినప్పుడల్లా మెరుస్తుంది. స్విచ్‌బోర్డు మీదుగా కాగితాన్ని పోనిచ్చి, మధ్యలో ఇంటూ గుర్తులా కోసి, పలక లోపలికి పోయేంత మాత్రమే కత్తిరించండి.

మీది నాన్ వోవెన్ కాబట్టి ఒక కష్టం తప్పింది. మామూలు కాగితం మ్యూరల్ అయితే జిగురు కాగితానికే రాసి, మడిచి కాసేపు నాననివ్వాలి. తడికి అది సాగుతుంది. ఒకటి ఐదు నిమిషాలు, ఇంకోటి పది నిమిషాలు నానితే వెడల్పులు మారి బొమ్మ కలవదు. అలాంటివి కొన్నవాళ్లు గడియారం దగ్గర పెట్టుకుని అన్నిటికీ ఒకే సమయం ఇవ్వండి.

అయిపోయాక ఫ్యాన్ వేయవద్దు. ఏసీ కూడా. ఒకటి, రెండు రోజులు దానంతట అది ఆరాలి. నా మూడో పనిలో ముదురు నీలం సముద్రం బొమ్మ అంటించి, త్వరగా ఆరుతుందని ఫ్యాన్ ఫుల్లుగా పెట్టి ఇంటికి వెళ్లాను. తెల్లారి వచ్చి చూస్తే రెండు అతుకుల్లో దారంలా తెల్ల గీతలు. కాగితం తొందరగా ఆరి బిగుసుకుని, అంచులు విడిపోయి గోడ బయటపడింది. ఆ ఇంటావిడ ఏమీ అనలేదు, ఆ గీత మీద వేలు పెట్టి అలా నిలబడింది. ఆ రోజు నుంచి ముదురు రంగు బొమ్మ ఏదైనా సరే, అతుకులు వచ్చే చోట గోడకు ముందే అదే రంగు నిలువు పట్టీలు వేస్తాను. మీరూ వేయండి. అతుకు వెంట్రుకంత విడినా కంటికి తెలియదు.

ప్రశ్న: డబ్బిచ్చి వేయించుకున్న మ్యూరల్‌లో నెల తిరక్కుండానే అతుకులు తెల్లగా కనిపిస్తున్నాయి. ఒక చోట అంచు లేచింది, రెండు బుడగలు కూడా ఉన్నాయి. మళ్లీ పిలిస్తే రావట్లేదు. అంతా పీకేయాలా?

జవాబు: పీకాల్సిన పని లేదు. తెల్ల గీతకు ఆ రంగు పొడి పాస్టల్ చాక్ తీసుకుని సన్నటి బ్రష్‌తో అతుకులో మాత్రం అద్దండి. నూనె పాస్టల్ వద్దు, కాగితంలోకి ఇంకి మరక చేస్తుంది. లేచిన అంచు వెనక సన్న బ్రష్‌తో జిగురు రాసి, రెండు నిమిషాలాగి, చిన్న రోలర్‌తో మెత్తగా తిప్పి, పైకి వచ్చిన జిగురు తుడిచేయండి. గట్టిగా నొక్కితే జిగురంతా బయటికి పోయి మళ్లీ లేస్తుంది. అంటించిన మర్నాడు కనిపించే చిన్న బుడగలు ఆరేకొద్దీ పోతాయి కానీ, నెల తర్వాత ఉన్నవి పోవు. సిరంజిలో పల్చటి జిగురు తీసుకుని బుడగలోకి ఎక్కించి, స్పాంజితో అణచండి. లేచిన చోట వెనక గోడ తడిగా ఉన్నా, నల్లటి చుక్కలున్నా ఈ రిపేర్లు ఆపి, పైన బాత్రూమ్ గోడ గురించి రాసిన జవాబు చదవండి.

ప్రశ్న: మాది అద్దె ఇల్లు. స్టిక్కర్ లాంటి మ్యూరల్ వేసుకుని, ఖాళీ చేసేటప్పుడు తీసేస్తే గోడకు ఏమీ కాదంటున్నారు. నిజమేనా?

జవాబు: గోడను బట్టి. నున్నటి గోడకు మంచి ఎమల్షన్ వేసి నాలుగు వారాలైనా గడిచి ఉంటే మామూలుగా శుభ్రంగానే వస్తుంది. రుద్దితే చేతికి రంగు అంటుకునే డిస్టెంపర్ గోడ అయితే పెయింటు కూడా పొరలుగా ఊడివస్తుంది. గరుకు గోడకు అసలు పట్టుకోదు, పై అంచు నుంచి జారుతుంది. అలమారు వెనక ఒక నమూనా ముక్క అంటించి వారం ఉంచి తీసి చూడండి. తీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చూపిస్తూ, ముందుకు గుంజకుండా గోడ వెంటే వెనక్కి మడిచినట్టు నెమ్మదిగా లాగాలి.

ఆ పరీక్షలో గోడ ఓడితే, పల్చటి ప్లైవుడ్ పలకల మీద మ్యూరల్ అంటించి, ఆ పలకల్ని నాలుగైదు మరలతో గోడకు బిగించుకోవచ్చు. ఇంటి యజమానిని ముందే అడిగి, ఇల్లు మారేటప్పుడు బొమ్మను మీతోనే తీసుకెళ్లండి. అద్దెకుండేవాళ్లకు నేను ఎక్కువగా చెప్పేది ఇదే.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబు గదికి అంతరిక్షం బొమ్మ కావాలని గొడవ. రెండేళ్లలో వాడి ఇష్టం మారిపోతుందేమో అని ఆలోచిస్తున్నాం.

జవాబు: మారుతుంది. అయినా వేయండి, వాడి ఆరేళ్ల వయసు మళ్లీ రాదు కదా. నాన్ వోవెన్ తీసుకుంటే మారిన రోజు పై మూల పట్టుకుని లాగితే చాలావరకు పొడిగానే పట్టీలు పట్టీలుగా వచ్చేస్తుంది. వాసన లేని నీటి ఆధార ఇంకుతో, అంటే లేటెక్స్ ఇంకుతో ప్రింటు వేసింది అడగండి. అట్ట మీద అలల గుర్తులుంటాయి, ఒక అల అంటే తడిగుడ్డతో మెల్లగా అద్దవచ్చని, మూడు అలలంటే బాగా కడగవచ్చని. పిల్లల గదికి రెండుకు తక్కువ వద్దు. సూర్యుడి గుర్తు ఎండకు రంగు ఎంత నిలుస్తుందో చెబుతుంది, కిటికీ పక్క గోడైతే పూర్తి సూర్యుడు ఉన్నదే కొనండి.

బొమ్మను గోడ మీద ఎక్కడ జరపాలో మీ ఎత్తు నుంచి చూసి చెప్పకండి. బాబు మంచం మీద ఒకసారి పడుకోండి. వాడి తల పక్కన ఏం కనిపిస్తోందో చూడండి. కేటలాగ్‌లో రాకెట్ ఎప్పుడూ ఏడడుగుల ఎత్తున ఉంటుంది, వాడికి కావలసింది మూడడుగుల దగ్గర. మిగిలిన ముక్కల్ని పారేయకుండా చుట్టి, వెనక ప్యానెల్ నంబరు రాసి అలమారు పైన పెట్టుకోండి. క్రేయాన్ గీతలో, చిరుగో పడ్డ రోజు ఆ ముక్కలోంచే ఒక నక్షత్రం కోసి అతికించవచ్చు.